ఆన్‌లైన్ ఉద్యోగ ప్రకటనకు సరైన మనుషులు రావాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, మంగళగిరి, గుంటూరు చుట్టుపక్కల చిన్న సంస్థలకు మనుషుల్ని వెతికిపెట్టడం నా పని. కోల్డ్ స్టోరేజీలు, డయాగ్నస్టిక్ సెంటర్లు, ఆటోనగర్ వర్క్‌షాపులు, ఒకటి రెండు చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులు. హెచ్ఆర్ అని విడిగా ఎవరూ ఉండరు, యజమానే ఫోన్ చేస్తారు. ఊరు మారినా, వ్యాపారం మారినా అడిగేవి మాత్రం అవే ప్రశ్నలు. అందుకే వాళ్లు అడిగిన మాటల్లోనే ఇక్కడ పెట్టాను. మీకు ఏది అవసరమైతే అది చదువుకోండి.

## ప్రకటన రాయకముందు

రెండొందల అప్లికేషన్లు వచ్చాయి, ఒక్కళ్లూ పనికిరాలేదు. పోర్టల్ మార్చమంటారా?

ముందు ఆ ప్రకటన ఒకసారి పంపండి అంటాను. సాధారణంగా వచ్చేది ఇలా ఉంటుంది: "అకౌంటెంట్ కావలెను. అనుభవం గలవారికి ప్రాధాన్యం. ఆకర్షణీయమైన జీతం. వెంటనే సంప్రదించండి." ఇందులో ఎవరు అప్లై చేయనక్కర్లేదో ఎక్కడా లేదు. నిన్నగాక మొన్న బీకాం పాసైన కుర్రాడూ, ఇరవై ఏళ్లు ఆడిటర్ దగ్గర చేసినాయనా ఇద్దరూ ఇది మనకే అనుకుంటారు.

పేపర్లో "కావలెను" కాలమ్ నడిచిన రోజుల్లో ఈ నాలుగు ముక్కలు సరిపోయేవి. చూసినవాళ్లు కాయిన్ బాక్స్ దాకా నడిచి ఫోన్ చేయాలి, లేదా దరఖాస్తు చేత్తో రాసి పోస్టులో వేయాలి. ఆ శ్రమే సగం జల్లెడ పట్టేది. ఇప్పుడు బస్టాండులో నిలబడి బస్సు వచ్చేలోపు పదిహేను ఉద్యోగాలకు బటన్ నొక్కేస్తున్నారు. వాళ్ల తప్పేం లేదు, నొక్కడానికి ఖర్చు లేదు కాబట్టి నొక్కుతారు. జల్లెడ ఇప్పుడు ప్రకటనలోనే ఉండాలి. చదివినవాళ్లలో ఎక్కువమంది "ఇది నాకు కాదులే" అని వదిలేసి, ఓ పదిమంది "అరే, ఇది నేను రోజూ చేసే పనే" అనుకుంటే అది మంచి ప్రకటన. నేనైతే అప్లికేషన్లు తగ్గితే సంతోషిస్తాను.

మాకు ఎలాంటి మనిషి కావాలో మాకే సరిగ్గా తేలలేదు. ముందు ప్రకటన పెట్టి, వచ్చినవాళ్లను చూసి తేల్చుకోవచ్చా?

వద్దండి. వచ్చినవాళ్లందరిలోనూ ఏదో ఒకటి బాగానే కనిపిస్తుంది, నెల గడిచిపోతుంది. బదులుగా ఒక పని చేయండి. ఆ సీటులో ఇంతకుముందు కూర్చున్న మనిషి సోమవారం పొద్దున్నుంచి శనివారం సాయంత్రం దాకా ఏమేం చేసేవారో ఒక కాగితం మీద రాయండి. మీకు తెలియకపోతే పక్క సీటువాళ్లను అడగండి, వాళ్లకే బాగా తెలుసు. గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీవాళ్లు "సీనియర్ అకౌంటెంట్" అన్నారు. కాగితం మీద పెట్టి చూస్తే రోజుకు నాలుగు గంటలు రైతులకు, వ్యాపారులకు ఫోన్లు చేసి అద్దె బాకీలు అడగడమే ఉంది. వాళ్లకు కావలసింది ఫోన్లో మొహమాటపడని, నోరు జారని మనిషి. టాలీ (అకౌంట్ల సాఫ్ట్‌వేర్) రెండో అవసరం. అది తేలాక ప్రకటనే మారిపోయింది.

అనుభవం ఎన్నేళ్లు అని రాయాలి?

ఏళ్లు రాయడం సులువు గనుక అందరూ రాస్తారు. ఐదేళ్ల అనుభవం అంటే ఐదేళ్లు నేర్చుకున్నట్టూ కావచ్చు, ఒకే ఏడాది పనిని ఐదుసార్లు చేసినట్టూ కావచ్చు. ఏళ్ల బదులు చేసి ఉండాల్సిన పని రాయండి. అకౌంటెంట్‌కైతే నెలనెలా వేసే జీఎస్‌టీ రిటర్నుల పేర్లే రాయొచ్చు: "కనీసం 12 నెలలు జీఎస్‌టీఆర్-1, 3బీ రిటర్నులు సొంతంగా దాఖలు చేసి ఉండాలి" అంటే అర్థం కానివాళ్లు ఉండరు, అబద్ధం చెప్పినా రెండు ప్రశ్నలకే తేలిపోతుంది. పోర్టల్ ఫారంలో ఏళ్ల గడి తప్పనిసరైతే తక్కువ అంకె వేసి, అసలు విషయం వివరణలో పెట్టండి.

డిగ్రీ తప్పనిసరి అనకపోతే మరీ ఎవరు పడితే వాళ్లు వస్తారేమో?

చట్టమో, లైసెన్సో అడిగే చోట తప్పనిసరి అనండి. మందుల షాపులో ఫార్మసిస్టు రిజిస్టర్డ్ అయి ఉండాల్సిందే, అందులో బేరం లేదు. మిగతా చోట్ల ఆలోచించండి. ఆటోనగర్‌లో నాకు దొరికిన మంచి స్టోర్ కీపర్లలో ఇంటర్ తప్పినవాళ్లున్నారు. బేరింగ్ చేత్తో పట్టుకుని నంబరు చెప్పేస్తారు. "ఎనీ డిగ్రీ" అని రాసిన రోజున వాళ్లు మీ ప్రకటన దాటుకుని పోతారు. పైగా ఆ "ఎనీ డిగ్రీ" చూసి వచ్చేవాళ్లలో చాలామందికి స్టోర్ అంటే ఏమిటో తెలియదు.

## రాసేటప్పుడు

పోస్టు పేరు గొప్పగా ఉంటే మంచివాళ్లు వస్తారు కదా?

రారు. మనుషులు తాము ఇప్పుడు చేస్తున్న పని పేరుతోనే వెతుకుతారు. "కస్టమర్ డిలైట్ ఎగ్జిక్యూటివ్" అని ఎవరూ టైపు చేయరు, "టెలికాలర్" అని చేస్తారు. పేరులో పని, ఊరు తెలిస్తే చాలు: "ల్యాబ్ టెక్నీషియన్, మంగళగిరి". ఫోన్ తెరమీద మొదటి నాలుగైదు మాటలే కనిపిస్తాయి, వాటిని "అర్జెంట్! అర్జెంట్!!"తో నింపకండి. ఆ మాట చూస్తే నాకొక్కటే అనుమానం వస్తుంది, ముందున్న మనిషి చెప్పాపెట్టకుండా ఎందుకు వెళ్లిపోయాడా అని. అప్లై చేసేవాళ్లకూ అదే వస్తుంది.

జీతం రాస్తే ఇప్పుడున్న స్టాఫ్ గొడవ చేస్తారు. రాయకపోతే ఏమవుతుంది?

అందరికంటే ఎక్కువగా వాదన పెట్టుకునేది ఈ ప్రశ్న మీదే. నా మాట: రాయండి.

"బెస్ట్ ఇన్ ఇండస్ట్రీ" అని రాసినా, "ఇంటర్వ్యూలో మాట్లాడుకుందాం" అని రాసినా, ఇప్పటికే ఒకచోట పనిచేస్తున్న మనిషి రాడు. అక్కడ సెలవు పెట్టి, అబద్ధం చెప్పి, షేర్ ఆటో ఎక్కి రావాలి. వచ్చాక మీరు చెప్పే అంకె తను తీసుకుంటున్న దానికంటే తక్కువైతే రోజు జీతం పోయినట్టే. ఖాళీగా ఉన్నవాళ్లకు ఆ నష్టం లేదు. కాబట్టి జీతం దాచిన ప్రకటనకు ఎక్కువగా ఖాళీగా ఉన్నవాళ్లే వస్తారు. వాళ్లలోనూ మంచివాళ్లుంటారు, కానీ మీరు వల వేసింది సగం చెరువులోనే.

రాసేటప్పుడు ఏ అంకె రాస్తున్నారో చెప్పండి. ఒకే ఉద్యోగానికి మూడు అంకెలుంటాయి. నెలకు మొత్తం జీతం 20,000, అందులో పీఎఫ్ లెక్కకు వచ్చే భాగం 12,000 అనుకుందాం. ఉద్యోగి వాటా పీఎఫ్ 12 శాతం చొప్పున 1,440. మొత్తం 21,000 దాటలేదు కాబట్టి ఈఎస్ఐ 0.75 శాతం, అంటే 150. వృత్తి పన్ను 150. చేతికొచ్చేది 18,260. ఇటు యజమాని వాటా పీఎఫ్ ఇంకో 1,440, ఈఎస్ఐ 3.25 శాతం చొప్పున 650 కలిపితే, చిన్నాచితకా రుసుములు వదిలేసినా, సీటీసీ (ఆ మనిషి మీద సంస్థకు అయ్యే మొత్తం ఖర్చు) 22,090. ప్రకటనలో 22 వేలు చూసి వచ్చిన మనిషి మొదటి నెల బ్యాంకు మెసేజ్‌లో 18,260 చూస్తే మోసం చేశారనే అనుకుంటాడు. మీరు ఎవరినీ మోసం చేయలేదు, కానీ ఆ మనిషి రెండో నెల ఉండడు. "చేతికి 18,000 నుంచి 20,000, పీఎఫ్, ఈఎస్ఐ అదనం" అని ఒక్క లైను రాయండి.

జీతం పరిధి 15 నుంచి 40 వేలు అని వేసేవాళ్లున్నారు. అది పరిధి కాదు. చదివినవాళ్లందరూ 40 అనే చదువుకుంటారు.

ఇక పాత స్టాఫ్ సంగతి. కొత్తవాళ్లకు ఇచ్చేది వాళ్లకంటే ఎక్కువని వాళ్లకు ఎలాగూ తెలుస్తుంది, జీతాల రోజున టీకొట్టు దగ్గర అన్నీ బయటపడతాయి. ప్రకటన పెట్టేముందే వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడండి, అందుకు కొంత ఖర్చైనా సరే. ప్రకటనలో జీతం రాయనంత మాత్రాన ఆ తేడా దాగదు.

తెలుగులో రాయాలా, ఇంగ్లీషులోనా?

పని ఏ భాషలో జరుగుతుందో అందులో. డ్రైవర్లు, డెలివరీ, ప్యాకింగ్, వర్క్‌షాపు పనులకు తెలుగులో రాయండి, వాట్సాప్‌లో తిరిగేది అదే. ఆఫీసు పనులకు పోర్టల్‌లో వెతుకులాట ఇంగ్లీషు మాటలతోనే జరుగుతుంది కాబట్టి పోస్టు పేరు, నైపుణ్యాలు ఇంగ్లీషులో ఉండాలి, కింద నాలుగు లైన్లు తెలుగులో పెట్టినా తప్పులేదు. ఒక్కటి మాత్రం చేయకండి: "మంచి ఇంగ్లీషు తప్పనిసరి" అని అలవాటుగా రాసేయడం. రోజంతా తెలుగులో మాట్లాడే కౌంటరుకు ఇంగ్లీషు ఎందుకో మీరే చెప్పలేరు.

ఎంత పొడవు ఉండాలి? ఒక నమూనా ఇస్తారా?

అప్లై చేసిన మనిషి రాత్రి ఇంట్లో ఆ మాట చెబుతాడు కదా. అమ్మో, ఆయనో, ఆవిడో వరసగా అడుగుతారు: చేతికెంత? ఎక్కడ? ఎన్నింటికి ఇంటికొస్తావు? ఆదివారం సెలవేనా? ఎవరిది ఆ కంపెనీ? ఈ ఐదింటికీ జవాబు ఉన్నంత పొడవు చాలు. పైన చెప్పిన కోల్డ్ స్టోరేజీకి చివరికి ఇలా వెళ్లింది (సంస్థ పేరు, ఫోన్ నంబరు ఇక్కడ తీసేశాను):

"అకౌంటెంట్, గుంటూరు ఏటుకూరు రోడ్డు. మిర్చి కోల్డ్ స్టోరేజీలో పని. రోజూ చేయాల్సింది: టాలీలో అద్దె బిల్లులు, రైతులకు, వ్యాపారులకు బాకీల కోసం ఫోన్లు (రోజుకు 30 దాకా), నెలకోసారి జీఎస్‌టీ రిటర్నులు. రావాల్సింది: టాలీ, జీఎస్‌టీఆర్-1, 3బీ సొంతంగా చేసి ఉండటం, తెలుగులో మర్యాదగా, గట్టిగా మాట్లాడగలగటం. డిగ్రీ ఏదైనా సరే, లేకపోయినా సరే. వేళలు 9:30 నుంచి 6:30. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సీజన్‌లో రాత్రి 8 అవుతుంది, దానికి ఓటీ ఇస్తాం. ఆదివారం సెలవు. చేతికి 18,000 నుంచి 20,000, పీఎఫ్, ఈఎస్ఐ అదనం. బస్టాండు నుంచి ఆటోలు తిరుగుతాయి. ఫోన్ చేయాల్సింది మధ్యాహ్నం 3 నుంచి 5 మధ్య."

సీజన్‌లో ఎనిమిదవుతుందని రాస్తే ఎవరూ రారని యజమాని భయపడ్డారు. రాయించాను. ఆ లైను చూసి కొందరు ఆగిపోయి ఉంటారు. చేరినావిడ మాత్రం మార్చిలో ఎనిమిదింటికి వెళుతూ ఏమీ అనలేదు, ముందే తెలుసు కాబట్టి.

"ఆడవాళ్లే కావాలి", "30 ఏళ్లలోపు మాత్రమే" అని రాయొచ్చా?

రాయకండి. ఒకే రకం పనికి నియామకంలో ఆడ, మగ తేడా చూపకూడదని 1976 సమాన వేతన చట్టం నుంచీ ఉంది. ఇప్పుడు అదే మాట 2019 వేతనాల కోడ్ మూడో సెక్షన్‌లో ఉంది, ఆ కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల పట్ల నియామకంలో వివక్ష కూడదని 2019లో విడిగా చట్టం వచ్చింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, "రిసెప్షనిస్ట్, అమ్మాయిలు మాత్రమే, ఫొటో పంపాలి" అనే ప్రకటన చూస్తే ఇంట్లో పెద్దవాళ్లు ఆ అమ్మాయిని పంపరు.

వయసు విషయంలో నా అనుభవం: 30లోపు అని గీత గీసినవాళ్లు, పిల్లలు స్కూలుకెళ్లే వయసొచ్చాక మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటున్న ఆడవాళ్లను పోగొట్టుకుంటారు. నేను పెట్టించినవాళ్లలో ఎక్కువకాలం నిలబడింది వాళ్లే. బరువులెత్తే పనైతే "25 కిలోల బస్తా ఎత్తాలి" అని రాయండి, వయసు రాయాల్సిన పని ఉండదు.

కంపెనీ పేరు లేకుండా "ప్రముఖ సంస్థలో" అని పెడితే?

ఉన్న మనిషిని మార్చే ఆలోచనలో ఉండి రహస్యంగా వెతికేటప్పుడు తప్ప ఇలా పెట్టకండి. పేరు లేని ప్రకటన, జీమెయిల్ అడ్రసు, మొబైల్ నంబరు: దొంగ ఉద్యోగాల ప్రకటన కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది. రిజిస్ట్రేషన్ ఫీజని, ల్యాప్‌టాప్ డిపాజిట్ అని డబ్బు కట్టి పోగొట్టుకున్నవాళ్లు ఇవాళ ప్రతి వీధిలో ఒకరున్నారు. పేరు, అడ్రసు, గూగుల్ మ్యాప్ లింకు పెట్టండి. "ఏ దశలోనూ ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేదు" అనే ఒక్క వాక్యం చివర్లో తప్పకుండా ఉంచండి.

## ఎక్కడ పెట్టాలి

నౌకరీ, లింక్డ్‌ఇన్, అప్నా... దేంట్లో డబ్బు పెట్టాలి?

మీకు కావలసిన మనిషి ఫోన్‌లో ఏ యాప్ ఉందో అందులో. నౌకరీ 1997 నుంచి ఉంది. అకౌంట్స్, సేల్స్, ఐటీ, బ్యాంకింగ్ లాంటి పనుల్లో కొన్నేళ్లు చేసినవాళ్ల రెజ్యూమేలు అక్కడ గుట్టలుగా ఉంటాయి. ప్రకటన వేసి కూర్చోవడం కంటే, డబ్బు కట్టి ఆ రెజ్యూమేల్లో మనమే వెతికి ఫోన్ చేయడం నాకు ఎక్కువ ఫలితం ఇచ్చింది. మంచి పనివాళ్లు తమంతట తాము వెతుక్కోవడం తక్కువ. టెలికాలింగ్, డెలివరీ, కౌంటర్ సేల్స్, ఆఫీస్ అసిస్టెంట్ లాంటివాటికి అప్నా, వర్క్ఇండియా. అక్కడ రెజ్యూమే కంటే ఫోన్ కాల్ ముందు నడుస్తుంది. వచ్చిన కాల్ ఎత్తే మనిషి మీ దగ్గర లేకపోతే ఆ డబ్బు దండగ. లింక్డ్‌ఇన్ మేనేజర్లకు, సాఫ్ట్‌వేర్ వాళ్లకు. గుంటూరులో స్టోర్ కీపర్ కోసం లింక్డ్‌ఇన్‌లో పెట్టమని నేనెప్పుడూ చెప్పలేదు.

పైసా ఖర్చు లేకుండా పెట్టే చోట్లున్నాయా?

ఉన్నాయి. కేంద్ర కార్మిక శాఖ నడిపే నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ 2015 జూలై నుంచి ఉంది, యజమానులకూ అభ్యర్థులకూ ఉచితం. తెలంగాణలో ఉన్నవాళ్లకు డీట్ పేరుతో రాష్ట్ర ప్రభుత్వ డిజిటల్ ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో నైపుణ్యాభివృద్ధి సంస్థ జాబ్ మేళాలు పెడుతుంది, ఫ్రెషర్లు చాలనుకుంటే అక్కడికి ఒక టేబుల్ వేసుకుని వెళ్లండి. అనుభవమున్న మనిషి కావాలంటే మాత్రం ఉచిత చోట్ల మీదే ఆధారపడకండి.

వాట్సాప్ గ్రూపుల్లో పెడితే చాలదా?

వర్క్‌షాపు పనులకు చాలాసార్లు చాలు. వెల్డరు తోటి వెల్డరునే తీసుకొస్తాడు. కానీ మెసేజ్ ఒకసారి బయటికెళితే మన చేతుల్లో ఉండదు, ఆర్నెల్ల తర్వాత కూడా శ్రీకాకుళం నుంచి ఎవరో ఫోన్ చేస్తారు. కాబట్టి మెసేజ్‌లోనే "ఫలానా తేదీ వరకే" అని పెట్టండి. పోస్టరు బొమ్మ ఒక్కటే పంపకుండా విషయం అక్షరాల్లోనూ పంపండి. బొమ్మలో ఉన్న నంబరు నొక్కితే ఫోన్ కలవదు.

మా వెబ్‌సైట్‌లో పెడితే గూగుల్‌లో ఉద్యోగాల డబ్బాలో కనిపిస్తుందా?

కనిపిస్తుంది, కానీ ఊరికే కాదు. గూగుల్ ఉద్యోగాల వెతుకులాట మన దేశంలో 2018 నుంచి నడుస్తోంది. మీ పేజీలో జాబ్‌పోస్టింగ్ అనే స్ట్రక్చర్డ్ డేటా కోడ్ (ఉద్యోగం వివరాలు గూగుల్ చదువుకునేలా పేజీ వెనక రాసేది) ఉండాలి. అందులో పోస్టు పేరు, వివరణ, పెట్టిన తేదీ, సంస్థ పేరు, పని చేయాల్సిన చోటు తప్పనిసరి. జీతం, గడువు తేదీ కూడా ఇస్తే మంచిది. వెబ్‌సైట్ చూసుకునే కుర్రాడికి ఇది గంట పని. ఒక్కో ఉద్యోగానికి ఒక్కో పేజీ ఉండాలి, అన్నీ కలిపి ఒకే పేజీలో పోస్తే కుదరదు. పోస్టు భర్తీ అయ్యాక ఆ పేజీ తీసేయాలి.

ఏ నెలలో పెడితే మంచిది?

సంక్రాంతికి ముందు పెట్టకండి. బోనస్, ఊరి ప్రయాణం రెండూ ముందున్నప్పుడు ఎవరూ కదలరు. పండగ అయ్యాక జనవరి మూడో వారం బాగుంటుంది. అలాగే దసరా, దీపావళి వెళ్లాక. అకౌంట్స్ వాళ్లకు నెలలో 11న జీఎస్‌టీఆర్-1, 20న 3బీ గడువులుంటాయి, ఆ మధ్య రోజుల్లో ఇంటర్వ్యూకు పిలిస్తే పనున్న మనిషి రాలేడు. 21 తర్వాత పిలవండి.

## అప్లికేషన్లు వచ్చాక

వందల రెజ్యూమేలు చదివే తీరిక లేదు. త్వరగా వడపోయడం ఎలా?

పోర్టళ్లు రెండు మూడు ప్రశ్నలు పెట్టుకోనిస్తాయి. "జీఎస్‌టీ వచ్చా?" అని అడిగితే అందరూ అవుననే నొక్కుతారు. పని చేసినవాళ్లకే తెలిసేది అడగండి. నేను అకౌంటెంట్లను అడిగేది (జీఎస్‌టీఆర్-2బీ అంటే సప్లయర్లు వేసిన రిటర్నులను బట్టి, కొన్నవాళ్లకు వచ్చే పన్ను క్రెడిట్ చూపే పట్టిక): "సరుకు కొన్నారు, బిల్లు ఉంది, కానీ జీఎస్‌టీఆర్-2బీలో కనిపించడం లేదు. ఏం చేస్తారు?" చేసినవాళ్లు రెండు లైన్లలో రాస్తారు: ఆ నెల క్రెడిట్ తీసుకోను, సప్లయర్‌కు ఫోన్ చేసి రిటర్న్ వేయమంటాను, 2బీలో వచ్చిన నెల తీసుకుంటాను. చేయనివాళ్లు "నిబంధనల ప్రకారం తగిన చర్య తీసుకుంటాను" అని రాస్తారు. ల్యాబ్ టెక్నీషియన్లకైతే "శాంపిల్ హీమోలైజ్ అయింది, పొటాషియం పరీక్ష ఉంది, ఏం చేస్తారు?" అని (హీమోలైజ్ అంటే రక్తంలోని ఎర్ర కణాలు పగిలిపోవడం). వెల్డర్లను, కార్పెంటర్లను రెజ్యూమే అడగొద్దు, చేసిన పని ఫొటోలు మూడు పంపమనండి.

మూడు ప్రశ్నలు దాటనివ్వకండి. పదేసి ప్రశ్నలు పెడితే ముందు వదిలేసేది పనిలో ఉన్న మనిషే.

అందరి రెజ్యూమేలూ ఒకేలా ఉంటున్నాయి. ఏఐతో రాయించినవి పక్కన పెట్టేయాలా?

పెట్టేయనక్కర్లేదు. పదేళ్ల కిందట ఇంటర్నెట్ సెంటర్‌లో యాభై రూపాయలిచ్చి టైపు చేయించిన రెజ్యూమేలూ ఒకేలా ఉండేవి. తండ్రి పేరు, "హాబీలు: క్రికెట్" సహా. రెజ్యూమేను అడ్రసు కార్డులా చూడండి, మనిషిని ఫోన్‌లో చూడండి. "పోయిన నెలలో మీరు చేసిన పనిలో బాగా తలనొప్పి పెట్టింది ఏది?" అని అడిగి ఊరుకోండి. నిజంగా చేసినవాళ్లు ఆపకుండా చెబుతారు.

మేం ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. అంత అవసరం లేకపోతే అప్లై ఎందుకు చేశారు?

కొత్త నంబర్ల నుంచి లోన్లు, క్రెడిట్ కార్డుల కాల్స్ రోజుకు పది వస్తుంటే ఎవరెత్తుతారు? పైగా ఆ టైములో తను ఇంకో ఆఫీసులో, ఇంకో బాస్ ముందు కూర్చుని ఉంటాడు. ముందు వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి: మీ పేరు, సంస్థ, ఏ పోస్టు, ఎప్పుడు మాట్లాడితే వీలు. సాయంత్రం ఏడు తర్వాత చేయండి.

మన వైపు ఏం జరుగుతోందో కూడా చూసుకోవాలి. ఒకసారి ఎవరూ రావడం లేదని ఒక యజమాని వాపోతుంటే, ఆయన ప్రకటనలో ఉన్న నంబరుకు నేనే ఫోన్ చేశాను, ఉద్యోగం కోసం అన్నట్టు. ఒంటిగంటన్నర. గేటు దగ్గరి మనిషి ఎత్తాడు. "సార్ భోంచేస్తున్నారు. ఏ పోస్టు? ఏమో నాకు తెలీదు. నాలుగింటికి చెయ్యండి." నాలుగింటికి చేస్తే బిజీ. అదే నేను ఉద్యోగం అవసరమైన మనిషినైనా మూడోసారి చేసేవాణ్ని కాను.

ఎన్ని రోజుల్లో పిలవాలి? వారం ఆగి అందర్నీ ఒకేసారి చూద్దామనుకుంటున్నాం.

రెండు రోజుల్లో ఫోన్, వారంలో ఇంటర్వ్యూ. బాగున్న మనిషి మీకోసమే ఆగడు. ఒకే ఇంటర్వ్యూలో తేల్చేయండి. పాతిక వేల ఉద్యోగానికి మూడు రౌండ్లు తిప్పితే అది పరీక్ష కాదు, తిప్పలు పెట్టడం.

వచ్చిన రెజ్యూమేలు ఎంతకాలం దాచుకోవచ్చు? ఆధార్ ముందే అడగొచ్చా?

ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ అప్లికేషన్ దశలో అడగకండి. చేరేటప్పుడు చాలు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నిబంధనలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలు అక్కడినుంచి 18 నెలలకు వర్తిస్తాయి. ఏ పనికోసం తీసుకున్న వివరాలు ఆ పనికే వాడాలన్నది దాని సారం. భర్తీ అయిపోయాక మిగతా రెజ్యూమేలు ఉంచుకోవాలనుకుంటే "మళ్లీ ఖాళీ వస్తే చెబుతాం, ఉంచుకోమంటారా?" అని అడిగి ఉంచుకోండి. ప్రింటు తీసిన రెజ్యూమేల వెనకవైపు రఫ్ పనికి వాడకండి. వాటిమీద ఫోన్ నంబర్లున్నాయి. నవ్వొస్తుంది కానీ, ఒక ఆఫీసులో టీ గ్లాసుల కింద చూశాను.

చేరతామని మాటిచ్చి, చేరాల్సిన రోజు రాలేదు. ఏం చేయాలి?

ఇది కోపం తెప్పించే విషయమే. ఎక్కువగా జరిగేది ఏమిటంటే, రాజీనామా ఇవ్వగానే పాత యజమాని రెండు వేలు పెంచుతాడు. అందుకే ఆఫర్ ఇచ్చేరోజే అడిగేస్తాను: "మీ సార్ జీతం పెంచుతానంటే ఏం చేస్తారు?" ఇప్పుడు తడబడిన మనిషి అప్పుడూ తడబడతాడు. నోటిమాటతో వదలకుండా ఆఫర్ లెటర్ అదేరోజు ఇవ్వండి. నోటీసు పీరియడ్ నెల ఉంటే మధ్యలో రెండుసార్లు పలకరించండి, ఒకసారి టీకి పిలిచి పక్కసీటువాళ్లను పరిచయం చేయండి. రెండో స్థానంలో ఉన్న మనిషికి "వద్దు" అని అప్పుడే చెప్పకండి, "పదో తేదీకి ఖాయంగా చెబుతాను" అని నిజం చెప్పండి.

మా కంపెనీ పేరు చెప్పి ఎవరో డబ్బు వసూలు చేస్తున్నారట!

వెంటనే 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. ఆ ప్రకటన ఏ పోర్టల్‌లో ఉందో వాళ్లకూ రిపోర్టు చేయండి. మీ వెబ్‌సైట్‌లో, గూగుల్ బిజినెస్ పేజీలో "మా అసలు నంబరు ఇది, మేం ఎవరి దగ్గరా డబ్బు తీసుకోం" అని పెట్టండి. డబ్బు కట్టిన మనిషి మీ గేటు ముందుకొచ్చి అరిస్తే బయటకు గెంటకండి, ఫిర్యాదు చేయడానికి సాయం చేయండి.

ఎంపిక కానివాళ్లకు చెప్పాలా?

ఇంటర్వ్యూకు వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పాలి. ఒక్క మెసేజ్. "ఈసారి వేరొకరిని తీసుకున్నాం, వచ్చినందుకు థ్యాంక్స్ అండి." ఊరు చిన్నది, రేపు వాళ్ల తమ్ముడు అప్లై చేయాలా వద్దా అని వాళ్లనే అడుగుతాడు.

ప్రకటన ఎప్పుడు తీసేయాలి?

ఆఫర్‌కు ఒప్పుకున్న రోజు కొత్త అప్లికేషన్లు ఆపేయండి. చాలా పోర్టళ్లలో ఆపి ఉంచే వీలుంది. పూర్తిగా తీసేయడం మాత్రం మనిషి చేరి వారం పనిచేశాక. వాట్సాప్ గ్రూపుల్లో "భర్తీ అయింది" అని అదే మెసేజ్ కింద రిప్లై ఇవ్వండి. నేనొకసారి ఆ పని మరిచిపోయాను. రెండు నెలల తర్వాత ఒకాయన పొద్దున్నే నరసరావుపేట నుంచి బస్సెక్కి, క్యారేజీ పట్టుకుని, ఇస్త్రీ చొక్కాతో నేరుగా గేటు దగ్గరికొచ్చాడు. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తడం లేదని వచ్చేశానన్నాడు. సెక్యూరిటీ నాకు ఫోన్ చేశాడు. వెళ్లి ఛార్జీలిచ్చి, ఆటోనగర్‌లో ఇంకోచోట ఖాళీ ఉంటే అడ్రసు రాసిచ్చాను. అప్పటినుంచీ ప్రతి ప్రకటనకూ ముగింపు తేదీ పక్కనే, ఫోన్ క్యాలెండర్‌లో అలారం పెట్టుకుంటున్నాను.